భీమిలి విల్లా, సున్నిపిండి, 12 వేలు

మొన్న ఆదివారం నాన్నగారి షష్టిపూర్తి. విజయనగరం, కాకినాడ, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళతో కలిపి 24 మందిమి. హోటల్లో అయితే తలో అంతస్తులో పడతాం. రుషికొండ అలల్లోకి పిల్లల్ని వదిలే ధైర్యం నాకు లేదు. అందుకని భీమిలి రోడ్డులో స్విమ్మింగ్ పూల్ ఉన్న విల్లా రెండు రాత్రులకి తీసుకున్నాం. డిపాజిట్ 20 వేలు.

బేరం, అడ్వాన్సు, అందరి ఆధార్ కాపీలు పంపడం ఒక్క పూటలో అయిపోయాయి. వంటమనిషిని తగరపువలస నుంచి మాట్లాడుకున్నాం. రాత్రి పదికి పాటలు ఆపమన్నారు, ఆపేశాం.

మర్నాడు పొద్దున్నే పిన్ని నాన్నకి తలంటింది. అక్కడితో ఆగిందా! పిల్లలందరికీ నువ్వుల నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి "పోయి స్నానాలు చేయండ్రా" అంది. ఏడుగురూ తిన్నగా వెళ్ళి పూల్‌లో దూకారు. నేను వచ్చి చూసేసరికి నీళ్ళు కుడితిలా ఉన్నాయి.

వాచ్‌మన్ ఓనరుకి వీడియో కాల్ చేసి, నీళ్ళు చూపించి, ఫోను మా వైపు తిప్పాడు. పీటల మీద కూర్చోబోతున్న నాన్న, చెల్లెలి అత్తమామలు, పురోహితుడు, అందరూ వింటుండగా ఓనరు "మీరు చదువుకున్నవాళ్ళేనా అండీ?" అన్నాడు. నాన్న 30 ఏళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు. కండువా సర్దుకుంటూ తల దించుకున్నారు. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

తప్పు మాదే. నూనె పడితే ఫిల్టర్‌లో ఇసుక జిడ్డుకట్టిపోతుంది. కానీ నేనూ బీఎస్సీ కెమిస్ట్రీ. మేం దిగిన రోజే అక్కడ ముక్కు మండే క్లోరిన్ వాసన. శుభ్రమైన నీళ్ళకి అంత వాసన ఉండదు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిస్తే పుట్టే క్లోరమైన్ల వాసన అది. అంటే ముందు దిగినవాళ్ళ పాపమూ మా ఖాతాలోనే! ఇదే చెబితే "క్లాసు వద్దు సార్" అని ఫోన్ పెట్టేశాడు. నీళ్ళు మార్చాలంటూ 12 వేలు కోశాడు.

మీరు వెళ్తే తాళాలు తీసుకునేటప్పుడే పూల్ వీడియో తీయండి. దేనికెంత కోస్తారో వాట్సాప్‌లో రాయించుకోండి. వాచ్‌మన్‌కి డబ్బులు చివర్లోనే ఇవ్వండి. నేను దిగగానే 500 చేతిలో పెట్టి మరీ పరువు తీయించుకున్నాను.

మిగతా ఎనిమిది వేలు నిన్న రాత్రి పడ్డాయి. పిన్ని సున్నిపిండి డబ్బా అక్కడే మరిచిపోయిందట, ఓనరుకి ఫోన్ చేసి పంపించమని అడగమంటోంది.