పాత రోజ్‌వుడ్ పుస్తకాల ర్యాక్ బాగు చేయించాను – నా అనుభవం

వైజాగ్‌లో పాత ఫర్నిచర్‌కి పాలిష్ చేయిద్దాం అనుకుంటున్నవాళ్ళు ముందు ఇది చదవండి.

దొండపర్తిలో మా పెద్దనాన్నగారి ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశారు, సామాన్లు పంచుకునేటప్పుడు నేను అడిగింది ఆ ర్యాక్ ఒక్కటే. అరవైల్లో చేయించారంట, సన్నటి స్టీలు ఫ్రేము, నల్లగా నిగనిగలాడే రోజ్‌వుడ్ అరలు, నగిషీలు గట్రా ఏమీ లేవు. 1951లో చండీగఢ్ కట్టడానికి వచ్చిన స్విస్ ఆర్కిటెక్ట్ పియర్ జానరే టేకుతో చేయించిన కుర్చీలు, బల్లల ఫోటోలు చూడండి, ఆ కాలం వాళ్ళ టేస్ట్ ఏంటో తెలుస్తుంది.

మొదట అడిగిన షాపులో మెషిన్‌తో మొత్తం గీకేసి పీయూ (పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ లాంటి వార్నిష్) కొట్టేద్దాం అన్నారు. నాకు మనసొప్పలేదు, అన్నేళ్ళకి తేలిన రంగు గీకితే మళ్ళీ వస్తుందా? తర్వాత కంచరపాలెంలో ఒక పెద్ద మేస్త్రీగారు దొరికారు. ఆయన దూదికి కాస్త స్పిరిట్ అద్ది అర అడుగున ఓ మూల రాశారు, దూదికి గోధుమరంగు అంటింది, వేలితో ముట్టుకుంటే జిగురు. "లక్క పాలిషే బాబూ, గీకక్కర్లేదు" అన్నారు. లక్క స్పిరిట్‌కి కరుగుతుంది, పీయూ అయితే కదలదు.

అసలు గొడవంతా స్టీలుతోనే. అరలు విప్పి చూస్తే చెక్క ఆనే చోటల్లా తుప్పు, మిగతా ఫ్రేము శుభ్రంగానే ఉంది. మన సముద్రం గాలిలో ఉప్పు తేమని లాక్కుంటుంది కదా, ఆ సందులోకి పోయిన తేమ ఇక ఆరదు. ఎమరీ పేపర్‌తో తుప్పు గీకి, తుప్పు పట్టకుండా వేసే రెడాక్సైడ్ ప్రైమర్ కొట్టి, పైన నల్ల ఎనామిల్ వేసి, అరలు ఆనే చోట్ల సన్నటి రబ్బరు వాషర్లు పెట్టించాను. స్క్రూలు మాత్రం పాతవే ఉండాలని పట్టుబట్టాను.

వానల్లో లక్క వెయ్యనని మేస్త్రీగారు ముందే చెప్పేశారు, గాలిలో తేమ ఉంటే ఆరేటప్పుడు తెల్లగా మంచు పట్టినట్టు అయిపోతుందంట, అందుకని డిసెంబర్ దాకా అరలు మంచం కింద, పుస్తకాలు అట్టపెట్టెల్లో, ఇంట్లో అందరూ విసుక్కున్నారు కానీ ఆగడమే మంచిదైంది. ఎండెక్కాక మొదలుపెట్టేవారు, దూదిని పాత పంచె గుడ్డలో చుట్టి, స్పిరిట్‌లో కరిగించిన లక్కలో ముంచి పిండి, పల్చగా ఒక పూత, ఆరాక ఇంకోటి. చెక్కలోని ఊదా చారలు పైకి తేలుతుంటే పక్కనే కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

ఇలాంటిది మీ ఇంట్లో ఉంటే వేడి గ్లాసులు, శానిటైజర్ దాని మీద పెట్టనివ్వకండి, స్పిరిట్ తగిలితే పాలిష్ లేచిపోతుంది. గోడకి నాలుగు వేళ్ళు ఎడంగా పెట్టండి, సముద్రం వైపు కిటికీ పక్కన అసలే వద్దు.