బెజవాడ రాత్రి ఎక్కడుంటుంది?

బెజవాడకు సముద్రం లేదు. అసలు రేవు బందరులో ఉంటే, మనకు మిగిలింది బందరు రోడ్డు. అయినా ఇది పడవల ఊరే. 1855లో కృష్ణ మీద ఆనకట్ట కట్టాక, గోదావరి వైపు నుంచి ఏలూరు కాలువలో వచ్చిన సరుకు పడవ ఇక్కడ లాకు ఎక్కి, నది దాటి, సీతానగరం దగ్గర మళ్లీ లాకు దిగి, కొమ్మమూరు కాలువ మీదుగా మద్రాసు దారి పట్టేది. లాకు అంటే రెండు తలుపుల మధ్య నీటి తొట్టి. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి, తూములు ఎత్తి, నీటిమట్టం అవతలి నీటితో సమానమయ్యేదాకా ఆగాలి. అంతవరకు ముందు తలుపు కదలదు. ముందు పది పడవలుంటే పదకొండో పడవ వాళ్లు గట్టు మీదే పొయ్యి పెట్టుకోవాల్సిందే. ఈ ఊరి రాత్రి మెలకువ ఆ గట్టు మీదే మొదలైందని నా నమ్మకం. పడవో రైలో బస్సో ఎక్కడానికి కాచుకునే జనం ఎక్కడుంటే బెజవాడ రాత్రి అక్కడుంటుంది. ఆ తర్వాత జరిగిన ప్రతి మార్పులోనూ ఇదే కనిపిస్తుంది.

రైలు వచ్చాక కాలువ గట్టు నెమ్మదించింది. పట్టాలకు పడమరన వన్‌టౌన్ పెరిగింది. 1921లో మారుతీ సినిమా హాలు వెలిసిందీ అక్కడే. కానీ రాత్రి అనగానే బెజవాడ వాళ్లకు గుర్తొచ్చేది పట్టాలకు తూర్పున ఉన్న గాంధీనగర్, గవర్నరుపేటలే. స్టేషను, పాత బస్టాండు, వరసగా హాళ్లు, సినిమా పంపిణీ ఆఫీసులు అన్నీ నడక దూరంలోనే.

ఆ ఆఫీసుల వల్లే గాంధీనగర్ నిద్రపోయేది కాదు. రిలీజుకు ముందు రాత్రి ఫిల్మ్ రీళ్లున్న రేకు పెట్టెలు జిల్లాలకు రైళ్లలో, బస్సుల్లో వెళ్లాలి. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. పదహారు రీళ్లంటే దాదాపు మూడు గంటలు. ఒకే ప్రింటుతో రెండు హాళ్లు నడపాలంటే ఆటలకు మధ్య ఎడం పెట్టి, ఇక్కడ ఆడిన రీలును సైకిలు మీద అక్కడికి పంపేవారు. టైరు పంక్చరైతే అక్కడ తెర ఖాళీ. ప్రొజెక్టరులో రెండు కార్బన్ కడ్డీల మధ్య మంట వెలగాలి. కడ్డీలు కాలేకొద్దీ ఎడం పెరుగుతుంది, ఆపరేటరు దగ్గరికి జరుపుతూ ఉండాలి. చూపు మళ్లిందా, బొమ్మ మసకబారుతుంది, నేల టికెట్టు వాళ్ల ఈలలు మొదలు.

సెకండ్ షో పన్నెండున్నర ప్రాంతంలో వదిలేది. పది నిమిషాల్లో వందల మంది రోడ్డు మీదికి. పునుగుల బండి లెక్కంతా ఆ పది నిమిషాలదే. పొద్దున టిఫినుకి ఒకటికి రెండు పాళ్లు, అంటే గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ చొప్పున కలిపిన పిండిలో మిగిలింది సాయంత్రానికి పులుస్తుంది. ఆ పులుపే పునుగుకి ప్రాణం. కిలో పిండికి నూటయాభై గ్రాముల మైదా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, చిటికెడు సోడా. సోడా ఎక్కువైతే నూనె పీల్చేస్తుంది. నూనె చాలినంత కాగకపోయినా అంతే. మరీ కాగితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది. జనం వదలక ముందే ముప్పావు వంతు వేయించి పక్కన పెట్టి, వచ్చాక రెండో వాయి తిప్పి ఇస్తే కరకరలాడుతూ చేతికొస్తాయి. అల్లం పచ్చడి పలచగా ఉండాలి, పొట్లంలో అడుగుదాకా దిగాలి.

గాంధీనగర్ వెలుగు తగ్గడానికి టీవీ వచ్చిందనో, జనం మారారనో అంటారు. నేను ఒప్పుకోను. 1990లో బస్టాండు కృష్ణ ఒడ్డుకు, పండిట్ నెహ్రూ బస్ స్టేషనుకు వెళ్లిపోయింది. రాత్రి బస్సు కోసం సినిమా చూసి కాలక్షేపం చేసే పల్లెటూరి ప్రయాణికుడు దాంతోపాటే వెళ్లిపోయాడు. తర్వాత డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చి రేకు పెట్టెలూ ఆగాయి. మిగిలిన దెబ్బ పార్కింగుది. కొత్త మల్టీప్లెక్సుల్లో ఆట వదిలితే జనం లిఫ్టులో సెల్లారుకి దిగి నేరుగా ఇంటికి వెళతారు, రోడ్డు మీద కాలు పెట్టరు.

మద్యం వేళలు కూడా బండ్లను అటూ ఇటూ జరిపాయి. 1995లో నిషేధం, 1997లో సడలింపు. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వ దుకాణాలు, మొదట్లో రాత్రి ఎనిమిదికే మూత. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు, రాత్రి పదిదాకా. ప్రతిసారీ ఆమ్లెట్ బండి వాడే సరుకు తగ్గించుకోవాలి, వేళ మార్చుకోవాలి.

ఇప్పటి రాత్రి హైవే మీది కూడళ్లలో, అంటే బెంజ్ సర్కిల్, కనకదుర్గ వారధి, రామవరప్పాడు రింగుల్లో ఉంది. హైదరాబాద్, బెంగళూరు ప్రైవేటు బస్సులు ఎక్కేది అక్కడే. 2020లో బెంజ్ సర్కిల్ ఫ్లైఓవరు తెరిచాక ఊరు దాటిపోయే లారీలు పైనుంచి వెళుతున్నాయి, కింద నిలబడటానికి చోటు దొరికింది.   బస్సు కోసం నిలబడేవాళ్లకు మాత్రం, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఈ రింగుల్లో మరుగుదొడ్డి లేకపోవడం పెద్ద కష్టం. పాత బస్టాండులో కనీసం అదుండేది. మంచినీళ్ల కుళాయి ఒకటి, మరుగుదొడ్డి ఒకటి, సర్వీసు రోడ్డుకి నాలుగు దీపాలు పెడితే చాలు. బండ్ల వాళ్లు మిగతాది చూసుకుంటారు.

పాత రాత్రి ఎలా ఉండేదో చూడాలంటే తెల్లవారుజామున నాలుగింటికి వన్‌టౌన్ పూల మార్కెట్టుకి వెళ్లండి. బంతి మూటలు దిగుతుంటాయి, టీ డికాషన్ మరుగుతుంటుంది, తొలి బండి అందుకోవాల్సిన పల్లె వ్యాపారులు మూటల మీదే కూర్చుని గ్లాసు పట్టుకుని ఉంటారు.