డ్యూరిన్ కోపం, న్యూమెనోర్ తొందర

2022 సెప్టెంబరులో అమెజాన్ వారి టెలివిజన్ ధారావాహిక ‘ది రింగ్స్ ఆఫ్ పవర్’ మొదలైన నాటి నుంచి, దానికి మూలమైన కథలు రాసిన ఆంగ్ల రచయిత టోల్కీన్ అభిమానులు రెండు వర్గాలుగా చీలి వాదించుకుంటూనే ఉన్నారు. మరణం లేని ఎల్ఫ్ జాతికి చెందిన గలాడ్రియెల్ కవచం తొడిగి కత్తి దూయవచ్చునా, పొట్టివాళ్లైన డ్వార్ఫ్ జాతి స్త్రీలకు గడ్డాలు ఎందుకు పెట్టలేదు అన్న ప్రశ్నల మీదే ఆ వాదన చాలాకాలం నడిచింది. ఎల్ఫ్‌లుగా, డ్వార్ఫ్‌లుగా నటించిన కొందరిని వారి చర్మపు రంగును బట్టి దూషించారు. దానిని ఖండిస్తూ నటీనటులే స్వయంగా ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. పుస్తకం మీద ప్రేమ పేరుతో సాగిన ఆ దూషణను విమర్శగా నేను లెక్కించను. నా ఫిర్యాదు వేరు. ఈ ధారావాహిక పోగొట్టుకున్నది కాలాన్ని.

2017లో అమెజాన్ సంస్థ దాదాపు 25 కోట్ల డాలర్లు చెల్లించి టెలివిజన్ హక్కులు తీసుకున్నప్పటికీ, ధారావాహిక కథ జరిగే ‘రెండవ యుగం’ విస్తారంగా ఉన్న టోల్కీన్ పుస్తకం ‘సిల్మరిలియన్’ ఆ ఒప్పందంలో లేదు. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చివర ఉన్న అనుబంధాలే రచయితలకు ప్రధానమైన ఆధారం. వాటిలో 3,441 సంవత్సరాల రెండవ యుగం కొద్ది పుటల కాలపట్టికగా కనిపిస్తుంది. నా ప్రతిలో ఆ పుటల అంచులన్నీ పెన్సిలు గీతలతో నిండిపోయాయి. కథ అంత క్లుప్తంగా ఉంది కాబట్టి పాత్రలను, సంభాషణలను కల్పించక తప్పదు. వ్యాసభారతంలో లేని శశిరేఖా పరిణయాన్ని తరతరాలుగా సొంతం చేసుకున్న మనం, మూలంలో లేదన్న ఒక్క కారణంతో కల్పనను తోసిపుచ్చలేము.

అయితే ఆ పట్టికలో దుష్టుడైన సౌరాన్ మిగిలిన ఉంగరాలన్నిటినీ ఏలే ఏకైక ఉంగరాన్ని పోతపోసినది రెండవ యుగం 1600లో. మనుష్యుల రాజ్యమైన న్యూమెనోర్ ద్వీపం సముద్రంలో మునిగినది 3319లో. ఈ రెండింటి నడుమ 1,700 ఏళ్లకు పైగా గడిచాయి. ధారావాహికలో న్యూమెనోర్ చివరి కాలపు మనుష్యులు ఎలెండిల్, ఇసిల్దుర్, ఉంగరాలు చేసిన ఎల్ఫ్ శిల్పి కెలెబ్రింబోర్ సమకాలికులయ్యారు. ఉన్నది ఉన్నట్టు తీస్తే ప్రతి సీజనుకూ మనుష్య పాత్రలన్నీ చనిపోతాయని నిర్మాతలు చెప్పిన కారణం నాకు అర్థమవుతుంది. కానీ టోల్కీన్ కథకు ఆ చావులే ప్రాణం. ఎల్ఫ్, మనుష్య రక్తాలు రెండూ ఉన్న ఎల్రాండ్ ఎల్ఫ్‌గా ఉండిపోవడానికి నిర్ణయించుకోగా, అతని కవల సోదరుడు ఎల్రోస్ మనిషిగా మరణాన్ని స్వీకరించి న్యూమెనోర్‌కు తొలి రాజయ్యాడు. ఆ సోదరుడి వంశంలో రాజు వెనుక రాజు కాలం చేస్తుంటే ఎల్రాండ్ మాత్రం మిగిలే ఉన్నాడు. ఎల్ఫ్‌లకు ఉన్న అమరత్వం తమకెందుకు లేదన్న అసూయ తరాల తరబడి పేరుకుని, చివరి రాజు అర్-ఫరజోన్‌ను చావు భయంతో అమరుల భూమి వాలినార్ మీదికి నౌకాదళాన్ని నడిపించేలా చేసింది. మొదటి సీజనులో న్యూమెనోర్ వీధిలో జనం గుమిగూడి, ఎల్ఫ్‌లు వచ్చి మన చేతిపనులు లాక్కుంటారని అరిచే దృశ్యం చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. వందల ఏళ్ల మృత్యుభయం అక్కడ కూలీ తగాదాగా కుదించుకుపోయింది.

ఈ నష్టాన్ని ధారావాహికే ఒకచోట స్వయంగా చూపించింది. మొదటి సీజను రెండవ ఎపిసోడ్‌లో, ఇరవై ఏళ్ల తరువాత డ్వార్ఫ్‌ల నగరం ఖజద్-దూమ్‌కు వచ్చిన ఎల్రాండ్‌ను అక్కడి రాకుమారుడు డ్యూరిన్ ముఖం మాడ్చుకుని ఎదుర్కొంటాడు. రాళ్లు పగలగొట్టే పందెం ముగిసి ఇద్దరే మిగిలినప్పుడు అసలు కోపం బయటపడుతుంది. తన పెళ్లికి మిత్రుడు రాలేదు, పిల్లలు పుట్టినప్పుడూ రాలేదు. ఎల్ఫ్‌కు రెప్పపాటుగా తోచిన ఆ కాలంలోనే తన జీవితం సాగిపోయిందని డ్యూరిన్ నిలదీస్తే, ఎల్రాండ్‌కు క్షమాపణ కోరడం తప్ప మరో దారి ఉండదు. మూలంలో లేని సన్నివేశమే అయినా టోల్కీన్ హృదయానికి ఇంత దగ్గరగా వచ్చినది ఈ ధారావాహికలో మరొకటి లేదని నా అభిప్రాయం. ఇరవై ఏళ్లతో ఇంత చేయగలిగిన రచయితలకు 1,700 ఏళ్లు బరువయ్యాయంటే నేను ఒప్పుకోలేను. పాత్రలు మారినా కథ నిలిచే విధంగా సీజనుకొక శతాబ్దాన్ని ఎంచుకోవలసింది. ఎల్రాండ్, గలాడ్రియెల్ మారకుండా ఉండగా వారి చుట్టూ ఉన్న మనుష్యుల ముఖాలు మారిపోతూ ఉంటే, అమరత్వం ఎంతటి ఒంటరితనమో ప్రేక్షకుడికి వివరించి చెప్పనక్కరలేదు.

ఉంగరాల వరుస గురించి కూడా ఒక మాట చెప్పాలి. పుస్తకంలో ఎల్ఫ్‌ల మూడు ఉంగరాలను కెలెబ్రింబోర్ తాను చేసిన ఉంగరాలలో చివరన, ఒంటరిగా చేశాడు. అతడి విద్య సౌరాన్ దగ్గర నేర్చినదే అయినా వాటిని సౌరాన్ చేయి తాకలేదు. ధారావాహికలో అవే ముందు తయారయ్యాయి. గలాడ్రియెల్ తన అన్న ఫిన్‌రోడ్ చురకత్తిని కొలిమికి అప్పగించే దృశ్యం ఎంత అందంగా ఉన్నా, ఒక శిల్పి తన గురువును మించి ఎదిగిన క్రమం దానితో చెరిగిపోయింది.

2024లో వచ్చిన రెండవ సీజనును తక్కువ చేసి మాట్లాడే మిత్రులతో మాత్రం నేను ఏకీభవించను. సౌరాన్ కల్పించిన మాయలో కెలెబ్రింబోర్ పని చేసుకుంటూ ఉంటాడు. బయట నగరం ముట్టడిలో ఉన్నా అతడికి ప్రశాంతంగానే కనబడుతుంది. ఒక ఎలుక అదే దారిలో మళ్లీ మళ్లీ పరుగెత్తడం, ఎంతసేపటికీ కొవ్వొత్తి తరగకపోవడం గమనించిన తరువాతే తాను మోసపోయానని అతడికి తెలుస్తుంది. ఆ దృశ్యాన్ని నేను మూడుసార్లు చూశాను.