పాలిమర్ల నుంచి జీవాణువుల దాకా: సీఎస్ఐఆర్ నెట్ కెమికల్ సైన్సెస్ ప్రిపరేషన్ అనుభవాలు

పరిశోధన ఫెలోషిప్‌కూ, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకూ జరిగే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్–యూజీసీ నెట్‌లో కెమికల్ సైన్సెస్ పేపర్ రాయబోతున్న మిత్రులందరికీ నమస్కారం. ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు పాలిమర్ పదార్థాల మీద జరిగింది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చిన తరువాత పీహెచ్‌డీలో పెప్టైడ్ల, అంటే అమైనో ఆమ్లాల గొలుసుల వైపు వచ్చాను. పరిశోధనతో పాటు ఎమ్మెస్సీ విద్యార్థులకు ప్రాక్టికల్స్, ట్యుటోరియల్ తరగతులు కూడా చెబుతున్నాను. ఈ మూడు పనులూ చేస్తున్నప్పుడు పరీక్షకు చదివిన చదువు ఎక్కడెక్కడ ఉపయోగపడుతోందో గమనిస్తూ వచ్చాను. సిలబస్ చివర్లో ఉన్నాయనో, కళాశాలలో హడావిడిగా చెప్పారనో మనలో చాలామంది వదిలేసే పాలిమర్ కెమిస్ట్రీ, జీవాణువులు (బయోమాలిక్యూల్స్), బయోఇనార్గానిక్ (జీవుల్లో లోహాల రసాయనం) వంటి అధ్యాయాల్లోనే ఫిజికల్, ఆర్గానిక్, ఇనార్గానిక్ శాఖలు ఒకదానితో ఒకటి కలుస్తాయని, వాటిని కలిపి చదివినవారికి మార్కులూ వస్తాయని, తరువాత ఇంటర్వ్యూలో మాటా తడబడదని నా గట్టి నమ్మకం. ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పదలచుకున్నది అదే.

పేపర్ స్వరూపం మీకు తెలిసే ఉంటుంది కాబట్టి క్లుప్తంగా గుర్తుచేస్తాను. మూడు గంటల్లో 200 మార్కులకు రాయాలి. పార్ట్ ఏలో 20 ప్రశ్నల్లో 15, పార్ట్ బీలో 40 ప్రశ్నల్లో 35, పార్ట్ సీలో 60 ప్రశ్నల్లో 25 చేస్తే చాలు. మొదటి రెండు భాగాల్లో ప్రశ్నకు 2 మార్కులు, పార్ట్ సీలో 4 మార్కులు ఉంటాయి. తప్పు సమాధానానికి ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు పోతుంది. పార్ట్ సీలో సగానికి పైగా ప్రశ్నలను వదిలేసే స్వేచ్ఛ ఉండటం వల్ల కొన్ని అధ్యాయాలను ముట్టుకోకుండా నెట్టుకురావచ్చనే ఆలోచన సహజంగానే పుడుతుంది. ఆ లెక్క తప్పు కాదు, అయితే ఏ అధ్యాయాలను వదులుతున్నామన్నది చూసుకోవాలి. పెరిసైక్లిక్ చర్యల మీదో, గ్రూప్ థియరీ మీదో వచ్చే పార్ట్ సీ ప్రశ్న ఒక్కోసారి అయిదారు నిమిషాలు తినేస్తుంది. పాలిమర్ల మీద వచ్చే ప్రశ్న చాలాసార్లు రెండు సూత్రాల మధ్య తేడా తెలిసినవారికి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. తేలికగా చేతికందే ప్రశ్నను వదిలి కష్టమైనదానితో కుస్తీ పట్టడం ఎందుకు?

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. 10,000 అణుభారం గల గొలుసులు, 1,00,000 అణుభారం గల గొలుసులు సమాన సంఖ్యలో ఉన్న నమూనాను తీసుకోండి. మొత్తం బరువును గొలుసుల సంఖ్యతో భాగిస్తే వచ్చే సంఖ్యా సగటు అణుభారం 55,000 అవుతుంది. భార సగటు అణుభారం లెక్కకట్టేటప్పుడు ప్రతి గొలుసుకూ దాని బరువును బట్టి ప్రాధాన్యం ఇస్తాం కాబట్టి అది సుమారు 91,800కు చేరుతుంది. ఇప్పుడు అవే రెండు రకాల గొలుసులు సమాన సంఖ్యలో కాకుండా సమాన బరువులో ఉన్నాయనుకోండి. ఈసారి భార సగటు 55,000 అవుతుంది, సంఖ్యా సగటు సుమారు 18,200కు పడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ 55,000 అనే సంఖ్య వస్తోంది, కానీ ఒకచోట అది సంఖ్యా సగటు, మరొకచోట భార సగటు. ప్రశ్నలో ఉన్న ‘సమాన సంఖ్య’, ‘సమాన బరువు’ అనే మాటల్లో ఒకదాన్ని తొందరలో మరొకటిగా చదివినవారికి కూడా తాము రాబట్టిన సమాధానం ఎంపికల్లో కనిపించేలా ప్రశ్న కూర్చడం చాలా సులభం. అందుకే సూత్రాన్ని బట్టీ పట్టడం కన్నా, ఏ కొలత ఏ సగటును ఇస్తుందో, ఎందుకిస్తుందో తెలుసుకోవడం మేలు. ఆస్మాటిక్ పీడనం ద్రావణంలో ఎన్ని కణాలున్నాయన్న దాని మీద ఆధారపడుతుంది కాబట్టి సంఖ్యా సగటును ఇస్తుంది. కాంతి పరిక్షేపణంలో పెద్ద అణువుల వాటా ఎక్కువ కాబట్టి భార సగటు వస్తుంది. స్నిగ్ధతతో వచ్చే సగటు సాధారణంగా ఈ రెండింటి మధ్య, భార సగటుకు దగ్గరగా ఉంటుంది. కారణం తెలిస్తే ఇవేవీ గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే రాదు.

గతిశాస్త్రాన్ని కూడా ఇలాగే కలిపి చదవమని చెబుతాను. స్టెడీ స్టేట్ ఊహనంలో మధ్యస్థ పదార్థం గాఢత కాలంతో మారదని తీసుకుంటాం. హైడ్రోజన్–బ్రోమిన్ చర్యకు, ఫ్రీ రాడికల్ పాలిమరీకరణకు, ఎంజైమ్ చర్యకు ఈ ఒక్క ఊహనమే ఆధారం. రాడికల్ పాలిమరీకరణలో వేగం ఇనీషియేటర్ (చర్యను మొదలుపెట్టే పదార్థం) గాఢత వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది, గొలుసు పొడవు అదే వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. ఇనీషియేటర్‌ను నాలుగు రెట్లు చేస్తే వేగం రెట్టింపవుతుంది, గొలుసు పొడవు సగమవుతుంది. ఆ వర్గమూలం ఎక్కడి నుంచి వచ్చింది? రెండు రాడికళ్లు కలిసి అంతమయ్యే ముగింపు దశ నుంచి వచ్చింది. ఎంజైమ్ విషయంలో అలాంటి ద్విఅణుక ముగింపు లేదు కాబట్టి ఎంజైమ్ చర్య వేగాన్ని చెప్పే మైకేలిస్–మెంటెన్ సమీకరణంలో వర్గమూలం కనిపించదు. ఈ రెండు ఉత్పాదనలనూ ఒకే రోజు, ఒకే కాగితం మీద పక్కపక్కనే రాసి చూడండి. రెండు వేరు వేరు అధ్యాయాలుగా చదివినప్పుడు కలగని స్పష్టత అప్పుడు కలుగుతుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయానికి వస్తాను. చర్య ఎంత శాతం పూర్తయిందన్న దాన్ని బట్టి గొలుసు పొడవు చెప్పే కారోథర్స్ సమీకరణం ప్రకారం, మోనోమర్లు (గొలుసును కట్టే చిన్న అణువులు) అంచెలంచెలుగా కలిసే స్టెప్ పాలిమరీకరణలో చర్య 95 శాతం పూర్తయితే సగటు గొలుసులో 20 యూనిట్లే ఉంటాయి, 99 శాతం పూర్తయితే 100 ఉంటాయి. రెండు మోనోమర్లలో ఒకటి ఒక్క శాతం ఎక్కువైనా, చర్య పూర్తిగా ముగిసినా సరే, గొలుసు సగటున సుమారు 200 యూనిట్లకు మించి పెరగదు. ఈ సంగతి వంటబట్టించుకున్న తరువాత మెరిఫీల్డ్ 1963లో ప్రచురించిన ఘనస్థితి పెప్టైడ్ సంశ్లేషణను చదవండి. ఆయన మొదటి అమైనో ఆమ్లాన్ని డైవినైల్ బెంజీన్‌తో క్రాస్ లింక్ చేసిన పాలీస్టైరిన్ పూసలకు తగిలించి, ఆ తరువాతి అమైనో ఆమ్లాలను ఒకదాని తరువాత ఒకటిగా చేర్చుకుంటూ పోయారు. అంటే ఒక జీవాణువును కట్టడానికి ఒక కృత్రిమ పాలిమర్ ఆధారంగా నిలిచింది. కారోథర్స్ లెక్కలో ఎక్కువైన మోనోమర్ గొలుసును కురచ చేస్తే, మెరిఫీల్డ్ పద్ధతిలో అమైనో ఆమ్లాన్ని కావాలనే ఎక్కువ మోతాదులో వేస్తారు. పెప్టైడ్ పూసకు అతుక్కుని ఉంటుంది కాబట్టి మిగిలిపోయినదాన్ని వడగట్టి కడిగేస్తే సరిపోతుంది.

అయినా శాతాల సమస్య మాత్రం ఇక్కడా తప్పదు. ఒక్కో కలయిక 99 శాతం జరిగినా, అలాంటి కలయికలు నూరు కావాలంటే చివరికి సరైన వరుస ఉన్న గొలుసులు సుమారు 37 శాతమే మిగులుతాయి. అదే 99.5 శాతమైతే 60 శాతం దాకా మిగులుతాయి. 1969లో 124 అమైనో ఆమ్లాల రైబోన్యూక్లియేజ్ ఏ ఎంజైమ్‌ను ఈ పద్ధతిలో తయారు చేశారంటే అది ఎంత పెద్ద పనో ఈ లెక్క వేసుకుంటే అర్థమవుతుంది. మెరిఫీల్డ్‌కు 1984లో నోబెల్ బహుమతి లభించింది. ల్యాబ్‌లో నేను పెప్టైడ్ చేసే ప్రతిసారీ, రెజిన్ (ఆ పాలిమర్ పూసలు) డీఎంఎఫ్ అనే ద్రావణిలో సరిగా ఉబ్బిందా లేదా అని చూసుకుంటాను. పూస ఉబ్బకపోతే లోపలి స్థానాలకు కారకం చేరదు, కలయిక శాతం పడిపోతుంది. క్రాస్ లింకింగ్ తక్కువగా ఉంటే పాలిమర్ మంచి ద్రావణిలో ఎక్కువగా ఉబ్బుతుందని పాలిమర్ అధ్యాయంలో చదివిన వాక్యానికి ప్రయోగశాలలో అర్థం ఇదే.

అమైడ్ బంధం దగ్గర కూడా ఈ రెండు లోకాలూ ఒకటే. నైలాన్ గొలుసుల మధ్య, ప్రోటీన్ బీటా షీట్ పోగుల మధ్య ఉన్నవి ఒకే రకమైన హైడ్రోజన్ బంధాలు. పెప్టైడ్ బంధంలో రెజోనెన్స్ వల్ల కార్బన్–నైట్రోజన్ బంధం పొడవు మామూలు ఏక బంధం కన్నా తగ్గి సుమారు 1.33 ఆంగ్‌స్ట్రాములు ఉంటుంది, ఆ బంధం చుట్టూ స్వేచ్ఛాభ్రమణం ఉండదు. మిగిలిన రెండు భ్రమణ కోణాలు, అంటే ఫై, సై ఏయే విలువలు తీసుకోగలవో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ చూపించారు. ఆ విలువల పటమైన రామచంద్రన్ ప్లాట్‌లో గ్లైసీన్‌కు ఎక్కువ ప్రదేశం, ప్రోలీన్‌కు తక్కువ ప్రదేశం ఎందుకుంటుందో మీ మాటల్లో వివరించగలిగితే కన్ఫర్మేషనల్ ఎనాలిసిస్ అధ్యాయం కూడా సగం పునశ్చరణ అయినట్టే. ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (అణువు మీద నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) లెక్కల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తటస్థ రూపానికి ఇరువైపులా ఉన్న రెండు పీకేఏ విలువల సగటు తీసుకోవాలన్న ఒక్క నియమం పాటిస్తే గ్లైసీన్‌కు 5.97, లైసీన్‌కు 9.74 దగ్గర వచ్చేస్తాయి.

స్పెక్ట్రోస్కోపీని ఒక అధ్యాయంగా కాకుండా ప్రతి అధ్యాయంలోనూ వాడుకునే పనిముట్టుగా చదవండి. పాలీమిథైల్ మెథాక్రిలేట్‌లో గొలుసు మిథిలీన్ ప్రోటాన్లు ఎన్ఎంఆర్‌లో సిండియోటాక్టిక్ రూపంలో (పక్క సమూహాలు ఒకటి విడిచి ఒకటి ఎదురు వైపుల్లో ఉన్నప్పుడు) ఒకే సింగ్లెట్‌గా, ఐసోటాక్టిక్ రూపంలో (అన్నీ ఒకే వైపు ఉన్నప్పుడు) ఏబీ క్వార్టెట్‌గా కనిపించడానికి కారణం, రెండో రూపంలో ఆ రెండు ప్రోటాన్లూ డయాస్టీరియోటాపిక్ కావడమే, అంటే వాటి పరిసరాలు ఒకేలా లేకపోవడమే. అమైనో ఆమ్లాల బీటా ప్రోటాన్లు వేరు వేరు సిగ్నళ్లు ఇవ్వడానికీ ఇదే కారణం. వర్ణమాపనం చదివేటప్పుడు మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవడం నాకు అలవాటు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన ఫాస్ఫరస్ నిర్ధారణ పద్ధతిలో ఫాస్ఫోమాలిబ్డేట్‌ను క్షయకరణం చేసి, ఏర్పడిన నీలి రంగు తీవ్రతను కొలుస్తారు. ఆ పద్ధతి చేతిలో ఉండటం వల్లే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తరువాత కణాలకు శక్తినిచ్చే అణువైన ఏటీపీని గుర్తించగలిగారు. ఇనార్గానిక్‌లోని మాలిబ్డినం బ్లూ, ఎనలిటికల్‌లోని బీర్–లాంబర్ట్ నియమం, జీవాణువుల్లోని ఏటీపీ ఆ ఒక్క పనిలో కలిసి కనిపిస్తాయి.

ఇక బోధన గురించి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి ప్రిపరేషన్ పద్ధతి లేదు. చదివిన అంశాన్ని ఒక జూనియర్‌కు గాని, తోటి అభ్యర్థికి గాని నోట్సు చూడకుండా బోర్డు మీద చెప్పండి. వినేవారు ‘ఎందుకు?’ అని అడిగిన ప్రతిచోటా మన చదువులోని ఖాళీ బయటపడుతుంది. ట్యుటోరియల్‌లో ఒక విద్యార్థిని నన్ను, హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ అతికినప్పుడు ఐరన్ తనను పట్టి ఉంచే పోర్ఫిరిన్ వలయపు తలంలోకి ఎందుకు జరుగుతుందని అడిగింది. హై స్పిన్ ఐరన్ పరిమాణం ఎక్కువ కావడం, లో స్పిన్‌కు మారగానే తగ్గడం, ఆ కదలిక హిస్టిడిన్ ద్వారా ప్రోటీన్ గొలుసుకు అందడం, పక్క ఉపఘటకానికి ఆక్సిజన్ మీద మక్కువ పెరగడం, ఇదంతా వరుసగా చెప్పుకొస్తుంటే క్రిస్టల్ ఫీల్డ్ సిద్ధాంతం నుంచి ఆక్సిజన్ బంధనాన్ని చూపే ఎస్ ఆకారపు సిగ్మాయిడ్ వక్రరేఖ దాకా ఒకే కథలా సాగింది. వీలున్నవారు ముగ్గురు నలుగురు కలిసి వారానికి ఒకసారి ఇలా ఒకరికొకరు పాఠం చెప్పుకోండి. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివినవారైతే ముందు తెలుగులోనే చెప్పుకోండి. భావం తెలుగులో స్థిరపడితే ఇంగ్లిష్ పదాలు వాటంతటవే వచ్చి చేరతాయి. ఈ విషయంలో జంకు ఏమాత్రం అక్కర్లేదు.

గత ప్రశ్నపత్రాలను అధ్యాయాల వారీగా ఒకసారి, పూర్తి పేపర్‌గా సమయం పెట్టుకుని మరోసారి చేయండి. గేట్ కూడా రాసేవారు అక్కడ సంఖ్యాత్మక ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు ఉండవన్న సంగతిని వాడుకోవాలి. పైన చెప్పిన పాలిమర్, ఎంజైమ్ లెక్కలు ఆ తరహా ప్రశ్నలకు సరిగ్గా అతుకుతాయి. అధ్యాపక వృత్తే లక్ష్యమైనవారు ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించే ఏపీ సెట్‌నూ, ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహించే తెలంగాణ సెట్‌నూ చిన్నచూపు చూడకండి. వాటితో ఫెలోషిప్ రాదు గాని, సొంత రాష్ట్రంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వస్తుంది.

పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకు మాత్రం ఫలితాలు వచ్చాక కాకుండా ఇప్పటి నుంచే సిద్ధం కావాలి. 2024 జూన్ నుంచి నెట్ ఫలితాలు మూడు కేటగిరీల్లో వస్తున్నాయి: మొదటిది జేఆర్ఎఫ్‌తో సహా అన్నిటికీ, రెండోది అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకూ పీహెచ్‌డీకీ, మూడోది పీహెచ్‌డీకి మాత్రమే. జేఆర్ఎఫ్ రాకపోయినా రెండు, మూడు కేటగిరీల్లో ఉన్నవారు పీహెచ్‌డీ ప్రవేశాలకు అర్హులే, అక్కడ నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. జేఆర్ఎఫ్ వచ్చినవారికి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) హోదాలో 42,000 రూపాయలు అందుతాయి. ఇంటర్వ్యూలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు మీదే మొదటి ప్రశ్న పడే అవకాశం ఎక్కువ. నన్ను మా పాలిమర్ అణుభారం ఎలా కొలిచారని అడిగి, జీపీసీ (జెల్ పర్మియేషన్ క్రొమటోగ్రఫీ)లో పాలీస్టైరిన్ ప్రామాణికాలతో వచ్చిన విలువ మరో పాలిమర్‌కు ఎంతవరకు నమ్మదగినదని వెంటనే రెండో ప్రశ్న వేశారు. జీపీసీ వేరుచేసేది ద్రావణంలో అణువు ఆక్రమించే పరిమాణాన్ని బట్టి గాని బరువును బట్టి కాదు కాబట్టి ఆ విలువ సాపేక్షమేనని చెప్పాను. అక్కడి నుంచి చర్చ ప్రోటీన్లను వేరుచేసే సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ మీదికి వెళ్లింది, సూత్రం ఒకటే కాబట్టి ఇబ్బంది పడలేదు. మీ ప్రాజెక్టులో మీరు వాడిన ప్రతి పరికరం ఏ సూత్రం మీద పనిచేస్తుందో, అది ఇచ్చే విలువకు ఉన్న పరిమితి ఏమిటో ఒక్కో పేజీ చొప్పున ఈ వారమే రాసిపెట్టుకోండి. రెండు, మూడు కేటగిరీల వారికి ఆ మార్కులు ప్రవేశం కోసం ఒక ఏడాది మాత్రమే చెల్లుతాయి కాబట్టి, విశ్వవిద్యాలయాల నోటిఫికేషన్ల తేదీలను కూడా అదే పుస్తకంలో రాసుకోవడం మంచిది.