క్యూ నిండితే ఏం చేయాలి?

మధురవాడలో మా జట్టు రాసే ఒక ప్రోగ్రాం లారీల కాటాల నుంచి వచ్చే రీడింగులను తీసుకుని డేటాబేసులో భద్రపరుస్తుంది. కాటాలను చదివే థ్రెడ్లు (ప్రోగ్రాంలో ఒకేసారి సాగే వేర్వేరు పనుల వరుసలు) ఒక వైపు, డేటాబేసుకు రాసే థ్రెడ్లు మరో వైపు ఉంటే, మధ్యలో ఒక మెసేజ్ క్యూ, అంటే రీడింగులు తమ వంతు కోసం ఆగే వరుస, ఉంటుంది. కొత్తగా చేరినవారు ఆ కోడ్ చూడగానే "ఇది థ్రెడ్ సేఫేనా అండీ?" అని, అంటే చాలా థ్రెడ్లు ఒకేసారి వాడినా చెడిపోదా అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఇందులో ఎన్ని పడతాయి, నిండితే ఏమవుతుంది అని అడిగేవారు అరుదు. నా దృష్టిలో డిజైన్‌లో అసలు కష్టమంతా అక్కడే ఉంది.

మొదటి ప్రశ్నకు జవాబులు ఎప్పుడో దొరికాయి. క్యూలో ఏమైనా ఉందా అని చూడటం, ఉంటే తీయడం అనేవి రెండు వేర్వేరు పనులుగా ఉన్నంతకాలం, ఒక్కో పనికి విడిగా తాళం (ఒక్కసారికి ఒక థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే ఏర్పాటు) వేసినా ప్రయోజనం లేదు. మిగిలిన ఒకే ఒక్క మెసేజ్‌ను రెండు థ్రెడ్లు చూసి, రెండూ ఉందనే నమ్మకంతో తీయబోతాయి. అందుకే 2004లో వచ్చిన జావా 5లోని బ్లాకింగ్ క్యూలలో టేక్ అనే పిలుపు ఒకే తాళం కింద చూస్తుంది, లేకపోతే ఆగుతుంది, రాగానే తీసుకుంటుంది. లోపల ఆ ఆగడాన్ని ఒక్కసారే చూసే ఇఫ్‌తో కాకుండా, షరతు తీరేదాకా మళ్లీ మళ్లీ చూసే వైల్‌తో రాస్తారు. నిద్ర లేపిన సంకేతం "వచ్చి ఉండవచ్చు" అని మాత్రమే చెబుతుంది; లేచిన థ్రెడ్ తాళం అందుకునేలోగా మరొకటి ఆ మెసేజ్‌ను పట్టుకుపోవచ్చు కాబట్టి, లేచాక మళ్లీ చూసుకోవలసిందే.

ఇక రెండో ప్రశ్న. జావాలో లింక్డ్ బ్లాకింగ్ క్యూను పరిమితి చెప్పకుండా సృష్టిస్తే దాని సామర్థ్యం 2147483647 అవుతుంది. పైథాన్ క్యూకు మ్యాక్స్‌సైజ్ ఇవ్వకపోతే హద్దే ఉండదు. సెకనుకు 100 రీడింగులు వస్తూ, 80 మాత్రమే డేటాబేసులోకి వెళ్తున్నాయనుకుందాం. గంట గడిచేసరికి 72,000 పేరుకుంటాయి, ఆ క్షణాన చేరిన రీడింగుకు 900 సెకన్ల తరువాత గానీ వంతు రాదు. ప్రోగ్రాం పడిపోదు, ఎర్రర్ రాదు, తెర మీద కనిపించే బరువు మాత్రం పావుగంట పాతది. మెమరీ అయిపోయి ప్రోగ్రాం ఆగిపోవడం ఇంతకంటే నయమని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది, కనీసం ఎవరికైనా తెలుస్తుంది.

ఆర్కే బీచ్‌లో నిలబడితే బెర్తు కోసం లంగరేసి ఆగిన ఓడలు కనిపిస్తాయి. రేవు నిండిందన్న సంగతి ఒడ్డున ఉన్నవారికీ తెలిసిపోతుంది. హద్దు ఉన్న క్యూ చేసే మేలు అదే: ఒత్తిడిని దాచకుండా పంపేవారి దాకా తీసుకెళ్తుంది. కానీ పంపే థ్రెడ్‌ను ఆపడం అన్నిచోట్లా చెల్లదు. మా కాటా థ్రెడ్ పుట్ (క్యూలో వేసే పిలుపు) దగ్గర ఆగిపోతే, కాటా నుంచి డేటా వచ్చే సీరియల్ పోర్టును చదివేవారు ఉండరు, అవతలి పరికరం పంపడం ఆపదు, వచ్చినవాటిని కాసేపు దాచే ఆపరేటింగ్ సిస్టం బఫర్ నిండి బైట్లు చప్పుడు లేకుండా పోతాయి. నష్టం తప్పలేదు, మన కంటికి కనపడని చోటికి మారిందంతే. కాబట్టి లారీ ఇంకా కదులుతుండగా వచ్చే రీడింగులకు చిన్న క్యూ పెట్టి, నిండితే అన్నిటికంటే పాతదాన్ని పారేస్తాము. వేబిల్లు మీద పడే తుది బరువుకు వేరే క్యూ ఉంటుంది, దానిలోంచి ఏదీ పారేయము, చోటు లేకపోతే ముందు డిస్క్ మీద ఫైలులోకి రాస్తాము.

క్యూలో వేసిన వస్తువును ఆ తరువాత ముట్టుకోకూడదన్నది మరో నియమం. పుట్‌కు ముందు రాసినదంతా టేక్ తరువాత కనిపిస్తుందని జావా హామీ ఇస్తుంది. పంపినవారు అదే బఫర్‌ను మళ్లీ వాడి పాత బరువు మీద కొత్తది రాసేస్తే ఆ హామీ కాపాడలేదు.

ప్రోగ్రాంను ఆపేటప్పుడు తీసుకునే థ్రెడ్లు ఎన్ని ఉంటే అన్ని ముగింపు మెసేజ్‌లు వేయడం పాత పద్ధతి. పైథాన్ 3.13 నుంచి క్యూకే షట్‌డౌన్ అనే పిలుపు ఉంది. దానికి ఇమీడియట్ అని చెబితే మిగిలినవన్నీ పారేసి ఆగిపోతుంది, చెప్పకపోతే లోపల ఉన్నవాటిని తీసుకోనిస్తుంది. తుది బరువుల క్యూకు ఇమీడియట్ ఎన్నడూ వాడకూడదు.