అలారానికి ల్యాండ్‌లైన్ కలిపే పని: ఇప్పటిదాకా

శనివారం

ఇంటికి దొంగల అలారం పెడుతున్నాం. తలుపు తెరిస్తే పసిగట్టే మాగ్నెట్లు, హాల్లో మనిషి కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సరు పోయినవారమే బిగించేశాం. సైరన్ మోగితే తిరుపతి కొర్లగుంటలో మా వీధంతా లేస్తుంది, సరే. మేం చిత్తూరులో ఉంటే మాకెవరు చెబుతారు? అందుకే ఇప్పుడు డయలర్ వంతు, అంటే అలారం మోగగానే ల్యాండ్‌లైన్ నుంచి తనే ఫోన్ చేసేది.

ఫోన్ వైరేగా, ఏం చేస్తుందిలే అనుకుంటారు చాలామంది. రిసీవర్ పెట్టేసి ఉన్నప్పుడు లైన్లో 48 వోల్టుల డీసీ ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎవరైనా ఫోన్ చేస్తే బెల్లు కోసం 75 నుంచి 90 వోల్టుల ఏసీ వచ్చి పడుతుంది, చెమట చేతికి చురుక్కుమంటుంది. రోజెట్ (గోడ మీద ఫోన్ వైరు తగిలించే డబ్బా) దగ్గర బయటి నుంచి వచ్చే తీగల జత విప్పి పక్కన పెట్టాకే స్క్రూడ్రైవర్ పట్టాను.

ఆర్డునో (ప్రోగ్రాం రాసుకునే చిన్న సర్క్యూట్ బోర్డు)తో డయలర్ మనమే చేద్దాం పెదనాన్నా అని మా తమ్ముడి కొడుకు ఉబలాటపడ్డాడు. వద్దన్నాను. ఐసొలేషన్, అంటే మన సర్క్యూట్‌కీ లైన్‌కీ మధ్య విద్యుత్ అడ్డు, సరిగ్గా లేకపోతే మన సర్క్యూట్లో లోపం లైన్ మీదికి పోతుంది. పైగా నెట్‌వర్క్‌కి తగిలించే పరికరానికి టెలికాం శాఖ ఇంజినీరింగ్ సెంటర్ (టీఈసీ) ధ్రువీకరణ ఉండాలి.

అసలు కిటుకంతా వరసలో ఉంది. బయటి జత తిన్నగా అలారం పెట్టెకి (ప్యానెల్‌కి) రావాలి, అక్కణ్ణుంచే ఇంట్లో ఫోన్లకు వెళ్లాలి. ఎక్స్‌టెన్షన్‌లా పక్కన తగిలిస్తే, దొంగ హాల్లో రిసీవర్ ఎత్తి పక్కన పడేస్తే చాలు, డయలర్ నోరు మూతపడుతుంది.

ఆదివారం

మా ఆవిడ వాళ్ళక్కతో మాట్లాడుతుండగా అలారం ఆన్ చేసి వెనక తలుపు తీశాను. ప్యానెల్లో రిలే (ఇంటి ఫోన్లను తెంచి లైన్‌ని డయలర్‌కి ఇచ్చే స్విచ్) టక్కుమంది, ఆవిడ చేతిలో ఫోన్ మూగబోయింది, కాసేపటికి నా సెల్ మోగింది. వరస సరిపోయింది. తిన్న తిట్లు వేరే లెక్క.

నంబర్లు ఎక్కించేటప్పుడు సెల్ నంబరుకి ముందు సున్నా మరవకండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి అది తప్పనిసరి, పాత మాన్యువళ్లలో కనపడదు. మొదటి నంబరు పక్కింటివాళ్ళది. 112 పెట్టలేదు, పీఐఆర్ మీద బల్లి పాకిందని పోలీసుల్ని పరిగెత్తిస్తే బాగుండదు.

అక్టోబరు, నవంబరు ఉరుముల కోసం లైన్ లోపలికొచ్చే చోటే గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబున్న సర్జ్ ప్రొటెక్టర్ (పిడుగుల వల్ల ఎగసే వోల్టేజీని ఎర్తుకి మళ్లించేది) పెట్టి, ఎర్తుకి వీలైనంత పొట్టి తీగ లాగాను.

ఇక ఫైబర్. మా వీధిలో ఒక్కొక్కరే మారుతున్నారు, మేమూ మారక తప్పదు. రాగి లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజ్ బ్యాటరీల నుంచి వస్తుంది. ఫైబర్‌లో ఇంట్లో కరెంటు పోతే ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి తగిలే ఇంట్లోని పెట్టె) ఆగుతుంది, దాంతో ఫోనూ ఆగుతుంది, కాబట్టి దానికో చిన్న యూపీఎస్ కావాలి. ఇంకో మెలిక ఉంది. లైన్ తెగిందా లేదా అన్నది ప్యానెల్ వోల్టేజీ చూసి కనిపెడుతుంది. బయట ఫైబర్ తెగినా ఓఎన్‌టీ ఫోన్ పోర్టులో వోల్టేజీ అలాగే ఉండొచ్చు, ప్యానెల్ మాత్రం అంతా బాగుందనుకుంటుంది. అందుకే లైన్‌తో పనిలేకుండా సెల్ నెట్‌వర్క్ మీద ఫోన్ చేసే, సిమ్ వేసే జీఎస్ఎం మాడ్యూల్ కూడా తెప్పించాను. ప్యానెల్ ఇనప బీరువా వెనక ఉండటంతో అక్కడ సిగ్నల్ ఒక్క గీతే వస్తోంది. వచ్చేవారం యాంటెనా కిటికీ దాకా లాగి చూడాలి.