కాలేజీ పిల్లలకు వ్యాపార శిక్షణ: ముందు ఏం కొలవాలి, తర్వాత ఏం నేర్పాలి

కాలేజీలో వ్యాపార శిక్షణ మొదలుపెట్టాలనుకోగానే అందరూ ముందు చేసే పని ఒక పరీక్ష పెట్టడం. వంద ప్రశ్నలు, గంటన్నర సమయం, చివర్లో ఒక స్కోరు. పైనున్న ముప్పై మందిని తీసుకుని మిగతావాళ్ళను పంపించేస్తారు. పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. ఫలానా కుర్రాడు వ్యాపారంలో రాణిస్తాడా లేదా అని పందొమ్మిదేళ్ళ వయసులో తేల్చగల పరీక్ష ఏదీ లేదు. ఎవరికి ముందుగా ఏది నేర్పాలో చూపించే పరీక్షను మాత్రం ఏ కాలేజీ అయినా సొంతంగా తయారు చేసుకోవచ్చు. పరీక్ష పని అంతవరకే. వడపోతకు వాడితే, శిక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే బయట మిగిలిపోతారు.

ఇంకో గందరగోళం ఉంది. ఆసక్తిని కొలిచే ప్రశ్నపత్రాన్ని తెచ్చి సామర్థ్య పరీక్ష అంటారు. మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన ఆరు రకాల వర్గీకరణ మనిషికి ఎలాంటి పని నచ్చుతుందో చెబుతుంది. ఆ పని చేతనవుతుందా అన్నది దానికి సంబంధం లేని ప్రశ్న. మనుషులను పదహారు రకాలుగా విడదీసే ఎంబీటీఐ అనే వ్యక్తిత్వ పరీక్షతో ఇంకో చిక్కు. రెండు రకాలను విడదీసే గీతకు దగ్గరగా స్కోరు వచ్చిన వాళ్ళు కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే అవతలి రకంలోకి వెళ్ళిపోతుంటారు. 'నాలో నాయకత్వ లక్షణాలున్నాయి: అవును, కాదు' లాంటి ప్రశ్నలకైతే ఏ జవాబు మంచిదో పిల్లలకు చూడగానే తెలిసిపోతుంది. దాన్నే రాస్తారు.

అందుకే పని చేయించి చూడటం మేలు. మూడు పనులు చాలు. మొదటిది లెక్కల పని. ఒక చిన్న వ్యాపారం తాలూకు ఇరవై పద్దులున్న కాగితం ఇచ్చి, ఒక్కో వస్తువు మీద ఎంత ఖర్చయిందో, ఎంత మిగిలిందో నలభై నిమిషాల్లో తేల్చమనాలి. ఏదో ఒక పద్దు రెండు చోట్ల పడాలి, ఇంకొకటి సొంత ఇంటి ఖర్చు అయి ఉండాలి. వాటిని పట్టుకున్నారా లేదా అన్నదే అసలు కొలత. కూడికలు కాలిక్యులేటర్ చేస్తుంది. రెండోది, గంటన్నరలో ముగ్గురు అపరిచితులతో మాట్లాడి, వాళ్ళు ఒక పనికి పడుతున్న ఇబ్బందిని వాళ్ళ మాటల్లోనే రాసుకు రావడం. మూడోది, నలుగురు కలిసి, సరిపోని సామానుతో ఒక వస్తువు తయారు చేయడం. సామాను కావాలనే తక్కువ ఇస్తాం. తగ్గిందని తెలిసిన మొదటి ఐదు నిమిషాల్లో ఎవరు ఏం చేశారో గమనించాలి. పత్రాలూ సూచనలూ విద్యార్థికి బాగా వచ్చిన భాషలో ఉండాలి. లేకపోతే కొలిచేది భాషను.

మార్కులు వేసేవాళ్ళు ఇద్దరుండాలి, ఒకరిది ఒకరు చూడకుండా వేయాలి. లెక్కల పట్టు, చొరవ లాంటి ఒక్కో గుణానికి నాలుగు మెట్ల కొలత సరిపోతుంది. ఒక్కో మెట్టుకూ ఏం కనబడాలో ఒక వాక్యం ముందే రాసుకోవాలి. 'చొరవ బాగుంది' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 'అడగకుండానే రెండో దారి వెతికాడు' అంటే తెలుస్తుంది. ఇద్దరి మధ్య రెండు మెట్ల తేడా వస్తే కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక్కో గుణానికి విద్యార్థులందరికీ మార్కులు వేశాకే రెండో గుణానికి వెళ్ళాలి. ఎందుకంటే ఒకటి బాగుందనిపిస్తే మిగతావన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. సైనికాధికారులు తమ కింది వాళ్ళకు ఇచ్చిన మార్కుల్లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే దీన్ని చూపించాడు. గలగలా మాట్లాడే పిల్లలకు లెక్కల్లో కూడా ఎక్కువ మార్కులు పడటానికి కారణం ఇదే.

ఈ మూడు పనులు కాక, శిక్షణలో ఆడించే రింగులు విసిరే ఆట గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ సాధనా ప్రేరణ మీద, అంటే ఏదైనా సాధించాలన్న తపన మీద, చేసిన పనిలో ఇది ప్రసిద్ధం. ఒక మేకు, కొన్ని రింగులు. ఎంత దూరం నుంచి విసరాలో ఆడేవాళ్ళ ఇష్టం. సాధించాలన్న తపన ఉన్నవాళ్ళు మరీ దగ్గరా నిలబడరు, మరీ దూరమూ పోరు. కష్టమే గానీ ప్రయత్నిస్తే పడుతుందనిపించే చోటు ఎంచుకుంటారు. దీన్ని మూడు దఫాలుగా ఆడించాలి. మొదటి దఫా ఊరికే. రెండో దఫాలో ఎన్ని పడతాయో ముందే కాగితం మీద రాయించాలి. మూడో దఫాకు ముందు తమ ఫలితం చూసుకుని దూరం మార్చుకోవచ్చని చెప్పాలి. రెండు రింగులే పడ్డా మళ్ళీ ఎనిమిది అని రాసేవాళ్ళుంటారు, ఎనిమిది పడ్డా అక్కడే నిలబడేవాళ్ళుంటారు. ఎన్ని పడ్డాయన్నదానికి మార్కులు వద్దు. ఆ తర్వాత అరగంట చర్చ లేకపోతే అది ఉత్త ఆటగానే మిగిలిపోతుంది. ఇలాంటి ప్రేరణ శిక్షణ తొలి రోజుల్లోనే మన దగ్గర జరిగిందని చాలామందికి తెలియదు. 1964లో మెక్‌క్లెలండ్ బృందం కాకినాడకు చెందిన చిన్న వ్యాపారులకు హైదరాబాదులో ఈ శిక్షణ ఇచ్చింది. శిక్షణ పొందినవాళ్ళు ఆ తర్వాత వ్యాపారం పెంచుకోవడంలో మిగతావాళ్ళకన్నా చురుగ్గా కనిపించారు.

అర్ధ శతాబ్దం తర్వాత ఆఫ్రికాలోని టోగో దేశంలో ఇంకా గట్టి రుజువు దొరికింది. 1,500 మంది చిన్న వ్యాపారులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఖాతాలు, మార్కెటింగ్ లాంటి మామూలు శిక్షణ, ఇంకో గుంపుకు సొంత చొరవ పెంచే శిక్షణ ఇచ్చి మూడో గుంపును అలాగే వదిలేశారు. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం చొరవ శిక్షణ పొందినవాళ్ళ లాభం 30 శాతం పెరిగింది. మామూలు శిక్షణ పొందినవాళ్ళలో కనిపించిన 11 శాతం పెరుగుదల యాదృచ్ఛికం కాదని చెప్పేంత బలమైనది కాదు. దీన్ని చదివి ఖాతాలు నేర్పడం మానేయకండి. వాళ్ళు అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్ళు, మన పిల్లలు కారు. కాలేజీకి అక్కరకొచ్చేది శిక్షణ స్వభావం: ముందుచూపు, అడ్డంకి వచ్చినప్పుడు నిలబడటం, ఇతరులు చేయనిది ప్రయత్నించడం. ఇవి ఉపన్యాసంతో రావు, వారం వారం పని అప్పగిస్తేనే వస్తాయి.

ఇక శిక్షణ సంగతి: పన్నెండు వారాలు, వారానికి మూడు గంటలు, ముగ్గురు లేదా నలుగురున్న జట్లు. పరీక్షల నెలకు కనీసం మూడు వారాల ముందే ముగిసేలా తేదీలు వేసుకోవాలి. రెండో వారంలోనే జట్టు సభ్యులు ఎవరు ఎన్ని గంటలు ఇస్తారో, మధ్యలో ఎవరైనా వెళ్ళిపోతే పెట్టిన డబ్బు ఏమవుతుందో ఒక పేజీ రాసి సంతకాలు పెట్టుకోవాలి. మూడో వారం నుంచి ఐదో వారం దాకా కొనుగోలుదారులతో మాటలు, జట్టుకు పదిహేను మంది. స్నేహితులు, చుట్టాలు, తోటి విద్యార్థులు లెక్కలోకి రారు. 'మేం ఇది చేస్తే కొంటారా' అని అడిగితే మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. 'చివరిసారి ఈ ఇబ్బంది ఎప్పుడొచ్చింది, అప్పుడేం చేశారు, ఎంత ఖర్చయింది' అని అడగాలి. జరిగిపోయిన దాని గురించి మొహమాటపడి అబద్ధం చెప్పడం కష్టం. బయలుదేరే ముందే ఒక అంకె రాసి శిక్షకుడికి ఇవ్వాలి: పదిహేను మందిలో ఇంతమంది ఇప్పటికే ఈ ఇబ్బంది కోసం డబ్బు ఖర్చు పెట్టకపోతే ఆలోచన మార్చుకుంటాం అని. తర్వాత రాస్తే ఆ అంకె ఎప్పుడూ సరిగ్గా సరిపోతుంది.

లెక్కల వారంలో ఎక్కువమంది తప్పేది తమ శ్రమ దగ్గర. వస్తువును వందకు అమ్ముతారనుకుందాం. ముడిసరుకు 55, ప్యాకింగూ చేరవేతా 15, పాడైపోయేది 5. మిగిలేది 25. ఎన్ని అమ్మినా మారని స్థిర ఖర్చు నెలకు 2,000 అయితే 80 వస్తువులు అమ్మితే చాలు అని సంబరపడతారు. ఒక్కో వస్తువుకు ఇరవై నిమిషాల సొంత పని ఉంది, దానికి 10 కట్టండి అంటే మిగిలేది 15 అవుతుంది. అప్పుడు 134 అమ్మాలి. అంటే నెలకు దాదాపు 45 గంటల పని. చదువుకుంటూ అంత సమయం దొరుకుతుందా అన్న ప్రశ్న అప్పుడు వాళ్ళకే వస్తుంది. అరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సరుకు నగదుకు కొని, నెల గడువు మీద అమ్మితే కాగితం మీద లాభం ఉంటుంది, చేతిలో పైస ఉండదు.

ఎనిమిదో వారానికల్లా అపరిచితుడికి డబ్బు తీసుకుని ఒక్కటైనా అమ్మాలి. పెట్టుబడి చిన్నది, పోయినా బాధపడనంత. అప్పు మాత్రం తేనివ్వకూడదు.

చివరి రోజు వేదికెక్కి మాట్లాడే పోటీకి మార్కులు ముడిపెట్టొద్దు. అది మాటకారితనాన్ని కొలుస్తుంది. లాభానికీ మార్కులు వేయొద్దు, వేస్తే నష్టాన్ని దాస్తారు. మార్కులు నోటు పుస్తకానికి వేయండి: ఎవరితో మాట్లాడారు, ఏం అనుకున్నారు, ఏం తేలింది, ఏం మార్చారు. మొదట్లో చేసిన సామర్థ్య మదింపు స్కోర్లు విద్యార్థికీ శిక్షకుడికీ తప్ప ఎవరికీ వెళ్ళకూడదు. ఉద్యోగాల ఎంపికకు వాడతారని తెలిస్తే రెండోసారి ఎవరూ నిజంగా ఆడరు.

పన్నెండో వారంలో మళ్ళీ మదింపు. అవే గుణాలు, వేరే పద్దులు, వేరే సామాను. అదే కాగితం ఇస్తే గుర్తుండి బాగా చేస్తారు, అభివృద్ధి అని మనం మురిసిపోతాం. వ్యాపారం పెట్టాలన్న కోరిక తగ్గినవాళ్ళు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. నెదర్లాండ్స్‌లోనూ, జర్మనీలోని మ్యూనిక్‌లోనూ విద్యార్థుల మీద జరిగి 2010లో వెలువడిన రెండు అధ్యయనాల్లో శిక్షణ తర్వాత ఆ కోరిక సగటున తగ్గింది. మ్యూనిక్‌లో తేలిందేమిటంటే, తమకు ఈ దారి సరిపోతుందా లేదా అన్న స్పష్టత చాలామందికి పెరిగింది. కాబట్టి 'ఆపేశాం' అని రాసిన జట్టుకు కూడా పూర్తి మార్కులు ఇవ్వవచ్చు. ఏ అంకె చూసి ఆపారో, ఆ అంకె ఎంతమందిని అడిగితే వచ్చిందో, ఎంత ఖర్చయ్యాక తెలిసిందో రాసి ఉండాలి.